పద్దెనిమిది గంటల్లో డాలస్ అంట!

ఆ మధ్య నెల్లూరు పక్కన కోవూరులో ఒక పెళ్లిమాటల దగ్గర కూర్చున్నాను. అబ్బాయికి డాలస్‌లో ఉద్యోగం. జీతం, గోత్రం, ఎత్తు, రంగు అన్నీ కుదిరాయి. అమ్మాయి తల్లికి మాత్రం ఒకటే దిగులు, అంత దూరం పంపిస్తే బిడ్డను మళ్లీ చూసుకునేదెట్లా అని. సంబంధం తెచ్చిన పెద్దమనిషి ఫోను తీసి రెండు ఊళ్ల పేర్లు కొట్టి, వచ్చిన అంకెలు అందరికీ వినబడేట్టు చదివాడు. "చూడమ్మా, నెల్లూరు నుంచి డాలస్ 14,740 కిలోమీటర్లు. విమానంలో 17 గంటల 50 నిమిషాలు. పద్దెనిమిది అనుకో. మనోళ్లు కాశీకి రైల్లో పోవాలంటే దీనికి రెండింతలు పడుతుంది గదా! కాశీ కంటే దగ్గరే డాలస్!"

ఆ తల్లి ముఖం తేటపడింది. కాఫీలు వచ్చాయి. పెళ్లిమాటల మధ్య తగువు పెట్టుకునేవాణ్ణి మా వైపు ఎవరూ మళ్లీ శుభకార్యానికి పిలవరు కాబట్టి నేను నోరు మెదపలేదు. అక్కడ మింగినదంతా ఇక్కడ కక్కుతున్నాను. ఆయన చదివిన దూరాన్ని ఇంతవరకు ఏ ప్రయాణికుడూ ప్రయాణించలేదు. ఆయన చెప్పిన కాలం ఏ విమానం గడియారంలోనూ నమోదు కాలేదు. అసలు 'నెల్లూరు నుంచి' అన్న మొదటి మాటే తప్పు.

ముందు ఆ అంకె ఎక్కణ్ణించి వచ్చిందో చూద్దాం. ఆ యంత్రానికి విమానాల సంగతి తెలియదు, టికెట్ల సంగతి తెలియదు, వీసా సంగతి అసలే తెలియదు. దానికి తెలిసింది రెండు చుక్కలు. నెల్లూరు 14.44 డిగ్రీల ఉత్తర అక్షాంశం, ఇంచుమించు సరిగ్గా 80 డిగ్రీల తూర్పు రేఖాంశం. డాలస్ విమానాశ్రయం 32.9 ఉత్తరం, 97 పడమర. గుండ్రటి భూమి మీద ఈ రెండు చుక్కల మధ్య అతి పొట్టి గీత ఎంతుంటుందో లెక్క కడుతుంది. దాన్ని గంటకు సుమారు 850 కిలోమీటర్లతో భాగిస్తుంది. ఎక్కే దిగే హడావుడికి ఒక అరగంట దయతలుస్తుంది. అంతే. ఆరో తరగతి పిల్లవాడు చేసే భాగహారాన్ని మనం ప్రయాణకాలం అని చదువుకుంటున్నాం. కాగితం మీద నేనూ లెక్క వేసి చూశాను. గీత పొడుగు సరిగ్గానే వచ్చింది. గణితాన్ని తప్పు పట్టడానికి లేదు.

ఆ గీత ఎటు పోతుందో చూస్తేనే తమాషా. గోడ మీది పటం చూసి ఎవరైనా ఏమనుకుంటారు? నెల్లూరు నుంచి పడమటికి, అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ దాటి అమెరికా అని. ఆ పటం గీసే పద్ధతి 1569లో మెర్కేటర్ అనే ఆయన ఓడ నడిపేవాళ్ల కోసం పెట్టింది. ధ్రువాల వైపు పోయేకొద్దీ నేల సాగిపోయి కనిపిస్తుంది. కాబట్టి పటం పక్కన పెట్టి గూడూరు నిమ్మకాయ ఒకటి తీసుకోండి, బాగా గుండ్రంగా ఉన్నది. ముచ్చిక ఉత్తర ధ్రువం అనుకుని, ఈ పక్క నడుముకు కొంచెం పైన నెల్లూరు అని ఒక గుండుసూది, ఆ పక్క ఇంకొంచెం పైన డాలస్ అని ఒక గుండుసూది గుచ్చి, మధ్యన దారం బిగించి లాగండి. దారం పక్కకు పోదు, ముచ్చిక మీదికి ఎక్కుతుంది. 80, 97 కలిపితే 177. అంటే డాలస్ మనకు భూగోళానికి దాదాపు అవతలి పక్కన ఉంది. ఆ 14,740 కిలోమీటర్ల గీత నెల్లూరు నుంచి నిట్టనిలువుగా ఉత్తరానికి పోయి, హిమాలయాలు దాటి, చైనా పడమటి కొస, కజకస్తాన్, సైబీరియా మీదుగా ఉత్తర ధ్రువానికి 400 కిలోమీటర్ల లోపు నుంచి పోయి, కెనడా మీదుగా కిందికి దిగుతుంది.

ఆ దారిన పోయేదెవరు? హిమాలయాలకూ టిబెట్ పీఠభూమికీ పైన నిలువునా ఎగరడానికి విమాన సంస్థలు ఇష్టపడవు. విమానం లోపలి గాలి ఒత్తిడి పడిపోతే పైలట్ వెంటనే 10,000 అడుగులకు దిగాలి. కింద నేలే అంతకంటే ఎత్తుగా ఉంటే దిగేదెక్కడికి? నెత్తిమీద నుంచి రాలే ఆక్సిజన్ ముసుగులు పావుగంట సేపటికి మాత్రమే. సైబీరియా మీదికి వచ్చేసరికి ఇంకో చిక్కు. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ యుద్ధం మొదలైనాక పడమటి దేశాల విమానాలకు రష్యా ఆకాశం మూతపడింది. ఇన్ని దాటుకుని పోయే విమానం నెల్లూరు నుంచి లేదు, మద్రాసు నుంచి లేదు, హైదరాబాదు నుంచీ లేదు. హైదరాబాదు నుంచి షికాగోకు ఎయిరిండియా 2021 జనవరిలో నేరుగా నడపడం మొదలుపెట్టింది, తర్వాత అదీ ఆగిపోయింది.

మరి మనవాళ్లు పోయేదెట్లా? చాలామంది గల్ఫ్ మీదుగా. మద్రాసు నుంచి దుబాయ్ సుమారు 2,930 కిలోమీటర్లు. అక్కణ్ణించి డాలస్ సుమారు 12,940. రెండూ కలిపితే 15,870. దానికి ముందు నెల్లూరు నుంచి మద్రాసు విమానాశ్రయానికి రోడ్డు మీద ఇంచుమించు 190. పెద్దమనిషి లెక్కకు 1,300 కిలోమీటర్లు ఎక్కువ, అంటే నెల్లూరు నుంచి భోపాల్ దాటిపోయేంత దూరం. ఇంత దూరాన్ని ఆయన ఫోను కాఫీ తాగినంత సేపట్లో మింగేసింది.

కొందరు తెలివైనవాళ్లు ఇక్కడ ఇంకో మాట తెస్తారు. విమానం పది పదకొండు కిలోమీటర్ల ఎత్తున ఎగురుతుంది కదా, ఆ ఎత్తువల్ల చుట్టు పెరిగి దూరం బాగా ఎక్కువవుతుందని. పెరుగుతుంది, మొత్తం దారికి ఒక పాతిక కిలోమీటర్లు. వదిలేయండి.

దూరం కంటే పెద్ద పొరపాటు, దూరం తెలిస్తే కాలం తెలిసినట్టే అనుకోవడం. 2016 అక్టోబరు దాకా ఎయిరిండియా ఢిల్లీ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు అట్లాంటిక్ మీదుగా పోయేది, సుమారు 13,900 కిలోమీటర్లు. ఆ నెలలో దారి మార్చి తూర్పుగా, పసిఫిక్ మీదుగా పంపారు. ఆ దారి 15,300 కిలోమీటర్లు, అంటే 1,400 ఎక్కువ. విమానం పద్నాలుగున్నర గంటల్లో దిగింది, పాత దారి కంటే ఇంచుమించు రెండు గంటలు ముందే! పసిఫిక్ మీద పడమటి నుంచి తూర్పుకు వీచే పైగాలి వెనక నుంచి తోసింది. పెద్దమనిషి భాగహారం ప్రకారం 15,300 కిలోమీటర్లకు పద్దెనిమిదిన్నర గంటలు పట్టాలి. నాలుగు గంటలు ఎటు పోయాయి? గాలికి పోయాయి, అక్షరాలా.

2020 ఫిబ్రవరిలో తుపాను గాలి మీద న్యూయార్కు నుంచి లండన్‌కు ఒక బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం 4 గంటల 56 నిమిషాల్లో పోయింది. భాగహారం చెప్పేది ఏడు గంటలు. మన తీరంలో బోటు వేసే ఏ పట్టపాయన్నైనా అడగండి, ఒడ్డు నుంచి వల వేసే చోటుకు ఎంత దూరం అని. ఆయన కిలోమీటర్లు చెప్పడు. గాలి ఏ పక్కనుంచి ఉంది, నీళ్లు ఎటు లాగుతున్నాయి అని ఎదురు అడుగుతాడు. కార్తీకంలో తీరం వెంబడి నీళ్లు దక్షిణానికి లాగుతాయి, వేసవిలో ఉత్తరానికి. ఒకే దూరం పోయేటప్పుడు ఒక కాలం, వచ్చేటప్పుడు ఒక కాలం అని ఆయనకు పుట్టినప్పటి నుంచి తెలుసు. జేబులో ఉపగ్రహంతో మాట్లాడే ఫోను పెట్టుకున్న మనకే తెలియలేదు.

న్యాయం చెప్పాలంటే భాగహారం ఒక్కోసారి కుదురుతుంది కూడా. 2021 జనవరిలో ఎయిరిండియా శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు ఉత్తర ధ్రువం మీదుగా పైలట్లందరూ మహిళలే ఉన్న విమానం నడిపింది. నేరు దూరం 13,993 కిలోమీటర్లు, పట్టింది సుమారు 17 గంటలు. భాగించి చూడండి, దగ్గరగానే వస్తుంది. ఆగిపోయిన గడియారం రోజుకు రెండుసార్లు సరైన టైము చూపినట్టు.

గాలి మాట వచ్చింది కాబట్టి మన టీకొట్ల దగ్గర తరచూ వినపడే ఇంకో సిద్ధాంతాన్ని కూడా ఇక్కడే కడిగేస్తాను. భూమి పడమటి నుంచి తూర్పుకు తిరుగుతుంది కాబట్టి పడమటికి పోయే విమానానికి గమ్యమే ఎదురొస్తుందని, అందుకే అటు ప్రయాణం తొందరగా అవుతుందని వాళ్లంటారు. నిజమైతే ఎంత బాగుండేదో! నెల్లూరు దగ్గర నేల గంటకు సుమారు 1,620 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. నెల్లూరు వీఆర్సీ మైదానం మీద హెలికాప్టరు ఒకటి రెండు గంటలు గాల్లో ఆగి కిందికి దిగితే యెమెన్ తీరం దగ్గర తేలాలి. కువైట్ పోయేవాళ్లకు సగం టికెట్ మిగిలేది. అట్లా జరగదు. భూమితో పాటు గాలి కూడా తిరుగుతోంది. పినాకిని ఎక్స్‌ప్రెస్ పెట్టెలో ఎగిరే ఈగ గూడూరు దగ్గర వెనకబడిపోదు కదా. పైగా జరిగేది వాళ్లు చెప్పినదానికి తలకిందులు. మద్రాసు నుంచి లండన్‌కు పోయేటప్పుడే ఎక్కువసేపు పడుతుంది, పడమటి పైగాలి ఎదురుకొడుతుంది కాబట్టి.

నేరు గీతకూ దారికీ ఉన్న తేడా తెలుసుకోవడానికి మన జిల్లావాడు డాలస్ దాకా పోనక్కర్లేదు, శ్రీహరికోట చాలు. (2022 ఏప్రిల్ నుంచి సూళ్లూరుపేటతో పాటు అది తిరుపతి జిల్లాలోకి పోయింది. మా వాళ్లు మాత్రం ఇంకా మాదే అంటారు.) ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాన్ని పంపాలంటే పీఎస్‌ఎల్‌వీ దక్షిణానికి పోవాలి. అక్కడి ప్రయోగ కేంద్రం షార్ నుంచి సూటిగా దక్షిణానికి గీత గీస్తే శ్రీలంక అడ్డం వస్తుంది. మండిపోయిన దశలు ఇంకొకరి దేశం మీద రాల్చకూడదు. అందుకని రాకెట్టు ముందు ఆగ్నేయంగా సముద్రం మీదికి పోయి, శ్రీలంకను పక్కకు పెట్టి, అప్పుడు దక్షిణానికి మళ్లుతుంది. ఆ మలుపుకు ఇంధనం ఖర్చు, దానివల్ల మోసుకుపోయే బరువు తగ్గుతుంది. ఆ నష్టం చిన్న రాకెట్లకు మరీ భారం. అందుకే తమిళనాడులో, తూత్తుకుడి దగ్గర కులశేఖరపట్నంలో రెండో ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరి 28న శంకుస్థాపన చేశారు. అక్కణ్ణించి దక్షిణానికి అంతా నీళ్లే. సెకనుకు ఏడు కిలోమీటర్ల పైచిలుకు వేగం అందుకునే యంత్రానికే నేరు దారి దొరకలేదు. దానికి దొరకని దారిని కోవూరు ఆడపడుచుకు ఫోనులో చూపిస్తున్నాడు మన పెద్దమనిషి.

దేశాల సరిహద్దులు నేల మీదే ఉంటాయని అనుకుంటాం, ఆకాశంలోనూ ఉన్నాయి. 2019 ఫిబ్రవరి చివర పాకిస్తాన్ తన ఆకాశాన్ని మూసింది, జులై 16 దాకా పూర్తిగా తెరవలేదు. 2025 ఏప్రిల్ 24 నుంచి భారత విమానాలకు మళ్లీ మూసింది. ఢిల్లీ నుంచి అమెరికా పోయే ఎయిరిండియా విమానాలు చుట్టు తిరిగి, దారిలో వియన్నాలో దిగి ఇంధనం పోసుకుని పోవలసి వచ్చింది. ఆ రోజుల్లోనూ ఫోను చెప్పే అంకె ఒక్క నిమిషం కూడా మారలేదు. ఊళ్లు రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి మరి. ఢిల్లీ మీదుగా టికెట్ కొన్నవాళ్లకే తేడా తెలిసింది.

ఇక గడియారం మోసం. "పొద్దున నాలుక్కి ఎక్కాను, అదే రోజు సాయంత్రం డాలస్‌లో దిగాను, పదమూడు గంటలే" అని చెప్పేవాళ్లు మా బంధువుల్లోనే ముగ్గురున్నారు. డాలస్ గడియారం మనకంటే చలికాలంలో పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర గంటలు వెనక ఉంటుంది. నాలుక్కి ఎక్కి ఇరవైనాలుగు గంటలు ప్రయాణం చేసినా అక్కడ అదే తారీకు సాయంత్రమే. ఆ పదకొండు గంటలు ఎవరూ మిగల్చలేదు. తిరిగి వచ్చేటప్పుడు వడ్డీ లేకుండా పట్టుకుంటారు. ఆ మాటకొస్తే మన చేతి గడియారం కూడా పది నిమిషాలు ఎవరి టైమో చూపిస్తోంది. దేశం మొత్తానికి పెట్టుకున్న టైము 82.5 డిగ్రీల రేఖది, మనం 80 మీద ఉన్నాం. 1906లో ఆ టైము రాకముందు రైళ్లు నడిచింది మద్రాసు టైము మీద. మద్రాసుది కూడా ఇంచుమించు మన రేఖే కాబట్టి ఆ రోజుల్లో నెల్లూరులో గడియారానికీ నడినెత్తి సూర్యుడికీ తేడా సగటున నిమిషం పైచిలుకే.

ఇంతవరకు ఆకాశం సంగతి. అసలు నేను ఈ ఖండన మొదలుపెట్టింది నేల కోసం.

నెల్లూరుకు విమానాశ్రయం లేదు. లేని చోటి నుంచి 17 గంటల 50 నిమిషాలు లెక్కపెట్టే యంత్రాన్ని ఏమనాలి? కువైట్ సంగతి చూడండి. నెల్లూరు నుంచి కువైట్‌కు నేరు గీత 3,670 కిలోమీటర్లు. మద్రాసు నుంచి 3,780. అంటే కువైట్ మద్రాసు కంటే మనకే వంద కిలోమీటర్లు దగ్గర. ఆ దగ్గరగా ఉన్నవాడు వాయవ్యాన ఉన్న ఊరికి పోవడానికి ముందు దక్షిణానికి 190 కిలోమీటర్లు పోయి, అప్పుడు వెనక్కి ఎగురుతాడు. ఉదయగిరి నుంచి బయల్దేరిన మనిషైతే నెల్లూరుకు రెండున్నర గంటలు, అక్కణ్ణించి మద్రాసు విమానాశ్రయం ఉన్న మీనంబాకానికి నాలుగు గంటలు, విమానాశ్రయంలో మూడు గంటలు. విమానం మాత్రం ఐదు గంటలు. ఎగిరే కాలానికి దాదాపు రెండింతలు ఎగరకముందే అయిపోయింది. డాలస్ లెక్కలో నేల మీది గంటలు కొంచెం మరుగున పడతాయి, గల్ఫ్ లెక్కలో అవే మొత్తం కథ. ఇళ్లలో పనికి పోయే ఆడవాళ్లు, డ్రైవర్లు, ఎడారిలో గొర్రెలు కాసేవాళ్లు ఎక్కువగా పోయేది అటే కాబట్టి ఈ నేల గంటల బరువు మోసేది కూడా వాళ్లే.

ఈ నేల దారి ఎట్లాంటిదో తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటేదాకా హైవే బాగానే ఉంటుంది. గుమ్మిడిపూండి నుంచి లారీలు మొదలవుతాయి, రెడ్ హిల్స్ దగ్గర ముడిపడతాయి. విమానాశ్రయం మద్రాసుకు మన పక్కన లేదు, అవతలి పక్కన ఉంది. ఉత్తరం నుంచి వచ్చేవాడు ఊరు మొత్తం చీల్చుకునైనా పోవాలి, లేదంటే బైపాస్ పట్టుకుని చుట్టు తిరిగి తాంబరం వైపు నుంచి వెనక్కైనా రావాలి. రైల్లో పోయి సెంట్రల్‌లో దిగితే మెట్రో విమానాశ్రయం దాకా పోతుంది, కాదనను. గల్ఫ్ విమానాలు ఎక్కువగా ఎక్కించుకునేది అర్ధరాత్రీ తెల్లారుజామునా. ఆ వేళకు మెట్రో నిద్రపోతుంది. చేతిలో 23 కిలోల పెట్టెలు రెండు. ఒకదాంట్లో ఆవకాయ, మలై కాజా. రెండో దాని సంగతి కస్టమ్స్‌వాళ్లకు కూడా చెప్పకూడదు.

మీనంబాకం పేరు వచ్చినప్పుడల్లా నాకొక పాత సంగతి గుర్తొస్తుంది. ఆ విమానాశ్రయం పక్కనే సెయింట్ థామస్ కొండ. 1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ అనే దొర దాని దగ్గరే ఉక్కు గొలుసు పట్టుకుని, ఏడున్నర మైళ్ల ఒక గీతను కొలవడం మొదలుపెట్టాడు. దేశం మొత్తాన్ని కొలిచిన మహా సర్వే ఆ గీత నుంచే పుట్టింది. పన్నెండు కిలోమీటర్లు కొలవడానికి ఆయనకు 57 రోజులు పట్టింది. ఎండకు గొలుసు ఎంత సాగిందో కూడా లెక్కలోంచి తీసేస్తూ పోయాడు. దూరం అనే మాటను అంత భయభక్తులతో పలికిన నేల అది. ఆ పక్కనుంచి ఎగరబోయే ప్రయాణానికే మనం ఒక్క వేలితో తాకి 14,740 అనేస్తున్నాం. మన పూర్వులైతే దూరాన్ని కూతవేటు అన్నారు, ఆమడ అన్నారు, పూట దారి అన్నారు. అవి మొరటు కొలతలే. కానీ అందులో మనిషి గొంతు ఉంది, కాళ్ల నొప్పి ఉంది, మధ్యలో చద్దిమూట విప్పే చెట్టునీడ కూడా ఉంది.

నన్ను ఈ పాటికి ఎవరో అడ్డుకోబోతున్నారని తెలుసు. "దగదర్తి వస్తే నీ నాలుగు గంటలూ పోతాయి కదయ్యా" అని. దగదర్తిలో విమానాశ్రయానికి 2019 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఆ చుట్టుపక్కల హైవే మీద ప్లాట్ల బోర్డులు చూశాను, 'ఎయిర్‌పోర్టుకు పది నిమిషాలు' అని. ఎయిర్‌పోర్టు లేదు, పది నిమిషాలు మాత్రం ఉన్నాయి! పెద్దమనిషి ఫోనుకూ ఈ బోర్డుకూ తేడా ఏముంది? విమానాశ్రయం రావద్దని నేననను. వస్తే హైదరాబాదుకు, బెంగళూరుకు పోయేవాళ్ల పూట మిగులుతుంది. కానీ అది వచ్చిన మర్నాడే కువైట్, దుబాయ్ విమానాలు దగదర్తిలో దిగుతాయనుకోవడం అదే భాగహారపు బుద్ధి. విమానం రావడానికి రన్‌వే చాలదు, రోజూ నిండే సీట్లు కావాలి. విజయవాడ నుంచి సింగపూరుకు 2018 డిసెంబరులో నేరు విమానం మొదలైంది, ఖాళీ సీట్ల నష్టాన్ని రాష్ట్ర ప్రభుత్వమే భరించే ఒప్పందం మీద. 2019 మధ్యకు ఆగిపోయింది. విజయవాడ గతే అది. దగదర్తి నుంచి డాలస్ అంటే అప్పుడు రెండు విమానాలకు బదులు మూడు ఎక్కాలి.

ఫోనుకు వానాకాలం కూడా తెలియదు. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడు దగ్గర హైవే, రైలు పట్టాలు కొట్టుకుపోయినప్పుడు కోవూరు నుంచి నెల్లూరు రావడమే గగనమైంది. మధ్యలో ఉన్నది ఒక్క ఏరు, ఫోను లెక్కలో ఐదారు కిలోమీటర్లు. 2015 డిసెంబరు వరదల్లో మద్రాసు రన్‌వే నీళ్లలో మునిగి రోజుల తరబడి మూతపడింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు మళ్లీ మూశారు. కార్తీక మార్గశిరాల్లో టికెట్ కొనేవాడు ఈ తీరంలో ఒక రోజు చేతిలో ఉంచుకుని బయల్దేరతాడు. ఆ రోజు ఏ లెక్కలో రాస్తారు?

సరే, అన్నీ సవ్యంగా జరిగాయనుకుని చెబుతాను. కోవూరు ఇంటి గడప నుంచి విమానాశ్రయానికి నాలుగు గంటలు. అక్కడ మూడు గంటలు. దుబాయ్‌కి నాలుగు గంటల పైన. అక్కడ కూర్చోవడం తక్కువలో తక్కువ మూడు గంటలు. డాలస్‌కు పదహారు గంటల పైన. దిగినాక ఇమ్మిగ్రేషన్ వరుస, పెట్టెలు, కారు, రెండు గంటలు. మొత్తం ముప్పై రెండు, ముప్పై మూడు. పెద్దమనిషి చెప్పింది పద్దెనిమిది. నిజానికి కాశీ రైలుకూ దీనికీ పెద్ద తేడా లేదు, ఆయన కాశీ పోలిక ఎంచుకోవడం ఒక్కటే ఆ రోజు ఆయన చేసిన మంచి పని.

పెళ్లి కుదిరింది. కుదరాలి కూడా, అబ్బాయి మంచివాడు. చెప్పులు వేసుకుంటుంటే ఆ తల్లి పక్కకు వచ్చి మెల్లగా అడిగింది. "ఏమన్నా, నువ్వు నోరు తెరవలా. పద్దెనిమిది గంటలేనా నిజంగా?"

"ముప్పై రెండక్కా" అన్నాను.

ఆవిడేమీ బెదరలేదు. "అట్లనా. ఆవకాయ కారకుండా ముప్పై రెండు గంటలకు కట్టాలన్నమాట" అంది.

పోయిన నెల ఆమే ప్రయాణం పెట్టుకుంది. నెల్లూరులో కారు మాట్లాడింది నేనే. ఆ డ్రైవరుకు డాలస్ ఏ ఖండంలో ఉందో తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు. ఫోనులో నన్ను అడిగింది ఒకటే. "ఫ్లైటు టైమెంత సార్?"

"తెల్లారి నాలుగు."

"అయితే రాత్రి తొమ్మిదికి కోవూరులో ఇంటి ముందుంటా. తొమ్మిదిన్నర అంటే నేను రాను, ఇంకొకర్ని చూసుకోండి. ఈ రోజు శనివారం సార్, రెడ్ హిల్స్ మన మాట వినదు."